నాలుగో పంక్తిలో కొట్టివేత

రెండుంపావు అయింది. వసారాలో పడకకుర్చీలో మొహం మీద తువ్వాలు కప్పుకుని బాలామణి తండ్రి వెంకటప్పయ్యగారు గుర్రు అందుకున్నారు. ఇక మూడు కొట్టేదాకా లేవరు, మూడు కొట్టాక పడుకోరు. ముప్పై ఏళ్లుగా తిరువూరు రిజిస్ట్రాఫీసు వేళలకు అలవాటుపడ్డ ప్రాణం. మూడుంపావుకల్లా పోస్టాఫీసులో సంచి కట్టేస్తారు, మూడున్నరకు బెజవాడ బస్సెక్కిస్తారు. ఆ సంచిలో పడితేనే ఈ దరఖాస్తు శనివారం లోపు యూనివర్సిటీకి చేరుతుంది, పడకపోతే చేరదు, ఈ ఏడు చేరకపోతే ఇంకో ఏడు లేదు, ఎందుకంటే ఇరవై ఎనిమిదేళ్లు నిండినవాళ్లు దరఖాస్తు పెట్టనక్కర్లేదని మొదటి పుటలోనే అచ్చు వేసి ఉంది, బాలామణికేమో దసరాకి నిండిపోతాయి. ఇంత స్పష్టంగా తెలిసిన మనిషి ఏం చెయ్యాలి? గబగబా రాసెయ్యాలి. బాలామణి రాయడం లేదు. కిటికీ పక్కన వాలుబల్ల ముందు కూచుని, పెన్ను క్యాపు తీసి, పెట్టి, మళ్లీ తీసి, నాలుగో పుట వంక చూస్తోంది. మూడు పుటలు నిండాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, బి.ఎ. ప్రైవేటుగా ప్యాసైన సంవత్సరం, అదీ జై ఆంధ్ర గొడవల్లో పరీక్షలు ఆగి ఆగి జరిగిన సంవత్సరం. అవన్నీ ఒకరు అడిగితే చెప్పేసేవి. నాలుగో పుట అలా కాదు. దాని నెత్తిన రెండు వరుసల అచ్చు ఉంది: మీ గురించీ, చరిత్రనే ఎం.ఎ.లో చదవాలనుకోవడానికి కారణం గురించీ, స్వదస్తూరితో, ఈ పుట మించకుండా రాయాలట. అన్నిటికన్నా కింద, పుట అడుగున, తండ్రి లేదా సంరక్షకుని సంతకానికి చోటు. మధ్యలో ఇరవై రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి.

ఇరవై రెండు గీతలు ఆమెకో లెక్కా. పొద్దున కాఫీ తాగింది మొదలు పదకొండింటిదాకా విస్సన్నపేట అన్నదమ్ముల పంపకాల దస్తావేజు, నలుగురికీ నాలుగు ప్రతులు, ఒక్క అక్షరం తప్పు పోకుండా రాసింది. మధ్యవేలి పక్కన కాయ కాచినచోట మళ్లీ సిరా ఇంకింది. మెడ పట్టేసింది. కళ్లు మూస్తే చాలు, తూర్పు ఫలానా, దక్షిణం ఫలానా అంటూ హద్దులు తిరుగుతున్నాయి. ఒక పూట విశ్రాంతి తీసుకుంటే పోయే అలసట కాదిది, తొమ్మిదేళ్ల నాటిది. తొమ్మిదేళ్ల కిందట నాన్న కుడిచేతికి వణుకు వచ్చింది. మొదట గ్లాసులో మంచినీళ్లు తొణికాయి, ఆ తర్వాత సున్నాలు గుండ్రంగా రావడం మానేశాయి. దస్తావేజులు రాసేవాడికి చెయ్యి వణికిందంటే ఎవరూ వచ్చి మానెయ్యమని చెప్పనక్కర్లేదు, పార్టీలే మెల్లిగా పక్క బల్ల దగ్గరికి జరుగుతారు. ఆయన ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఒకరోజు తను రాసిన పాత నకలొకటి తెచ్చి కూతురి ముందు పెట్టి, ఇది చూసి ఇలాగే రాయి అన్నారు. పద్దెనిమిదేళ్ల బాలామణికి అదో సరదా. వారం తిరిగేసరికి ఆయన తలకట్టు ఆయన వేసినట్టే వేసింది, చివర చిన్న విసురుతో సహా. ఆయన రాసే అక్షరాలు నిటారుగా, ఒకదాన్నొకటి తాకకుండా నిలబడతాయి, ఆమెవీ అలాగే నిలబడ్డాయి. నెల తిరిగేసరికి రెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో ఆయనే చెప్పలేకపోయారు. ఆ రోజు ఆయన నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు. అప్పటినుంచీ పార్టీలు చెప్పింది ఆయన పెన్సిలుతో గిలికి తెస్తారు, ఇంట్లో ఆమె రాస్తుంది, చివర 'వ్రాసినవారు' అన్నచోట సంతకం మాత్రం ఆయనే పెడతారు, ఎడమచేత్తో కుడి మణికట్టు నొక్కిపట్టి, ఊపిరి బిగబట్టి. ఆ ఒక్క సంతకానికి ఆయన పడే యాతన చూడలేక బాలామణి ప్రతిసారీ మంచినీళ్ల వంకతో లోపలికి వెళ్లిపోతుంది.

ఆ మధ్యలో సంబంధాలు వచ్చాయి, పోయాయి. ఎందుకు పోయాయో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ ఆ మాట ఎత్తరు. చదువు సంగతీ అంతే. ఇరవై రోజుల కిందట ఈ దరఖాస్తు ఫారం పోస్టులో వస్తే కవరు విప్పింది ఆయనే. నిలబడే నాలుగు పుటలూ చదివి, వాలుబల్ల మీద పెట్టి, మీద సిరాబుడ్డి బరువుంచి వెళ్లిపోయారు. వెళ్తావా అని అడగలేదు, వెళ్లొద్దనీ అనలేదు. ఆమె వెళ్తే జూలైకల్లా ఆయన బల్ల ఎత్తెయ్యాల్సిందే, అది ఆయనకి తెలియదా? తెలుసు. తెలిసే ఇవాళ భోజనాల దగ్గర మజ్జిగన్నం కలుపుకుంటూ, అడక్కుండానే, నాలుగో పుట ఎలా రాయాలో చెప్పడం మొదలుపెట్టారు. ఏ ఆఫీసైనా ఒకటే, అక్కడ కూచునేవాళ్లు ముందు పద్ధతి చూస్తారు, తర్వాత మనిషిని చూస్తారు అన్నారు. తండ్రిగారి కోరిక మేరకు అని మొదలుపెట్టమన్నారు. తలెత్తి బాలామణి వంక చూశారు.

"ఆడపిల్ల కాగితంలో నాకు కావాలి అని ఉండకూడదమ్మా. చదివేవాళ్లకి బాగోదు."

అని ముద్ద నోట్లో పెట్టుకున్నారు, సగం విస్తట్లోకే రాలింది. ఆయన్ని తప్పు పట్టడానికి ఆమెకి నోరు రాలేదు. తనకి లేని కోరికని తన పేరు మీద రాసుకోమంటున్నాడు పాపం, కూతురికి సీటు వస్తుందంటే. అంతకన్నా ఏం ఇస్తాడు ఒక దస్తావేజు లేఖరి.

వడగాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది. బజారులో మామిడికాయల లారీ ఒకటి గేరు మార్చలేక మూలుగుతోంది. పక్కింటి సీతారావమ్మగారి పెరట్లోంచి తాండ్ర వాసన, పులుపూ తీపీ కలిసి, గదిలోకి వచ్చి కూచుంది. అమ్మ అక్కడే ఉంది, చాపల మీద రసం పుయ్యడానికి సాయం వెళ్లింది, పొద్దువాలితే గాని రాదు. ఈ వాసన ఎప్పుడు తగిలినా బాలామణికి వినగడప తోట గుర్తొస్తుంది, ఆ తోటని ఆమె చూసింది లేదు. కాగితం మీద చూసింది. ఎన్ని తోటలు అలా కాగితం మీదే చూసిందో. తూర్పు: ఏడుకొండలు గారి మామిడితోట. దక్షిణం: బండ్ల డొంక. పడమర: వాగు గట్టు. ఉత్తరం: పాత బావి. నాన్న పెన్సిలు గీతల్లో అలాగే ఉంది, పాత బావి అని. అలాగే రాసింది. ఎనిమిదేళ్లయింది. అప్పుడు తనకి పందొమ్మిది. ఆ ఎండలో, ఇలాంటి జూన్ ఎండలోనే, ఆ తోట తాలూకు వాళ్లు బండి కట్టుకుని వచ్చారు, అన్నలిద్దరూ అరుగు మీద కూచున్నారు, చెల్లెలు లోపలికి వచ్చింది. సుబ్బాయమ్మ. యాభై ఉంటాయేమో, పాదాలకి పసుపు, చేతిలో అన్నలు పెట్టిన కొత్త చీర పొట్లం, దాని తాడు కూడా ఇంకా విప్పలేదు. తండ్రి తోటలో తన హక్కు అన్నలకి వదిలేస్తున్నట్టు దస్తావేజు. వేలిముద్ర వేసేముందు ఒకసారి చదివి వినిపించమని అడిగిందట. నాన్నకి ఆఫీసు వేళ అవుతోంది, అమ్మాయ్ నువ్వు చదువు అన్నారు. చదివింది. ఎంత బాగా చదివానో అని కూడా అనుకుంది అప్పుడు, సిగ్గులేకుండా.

తలచుకుంటూనే ఉంది, పాపం చెయ్యి ఊరుకోదు కదా, తొమ్మిదేళ్లుగా మనసు ఎక్కడున్నా చెయ్యి తన పని తాను చేసుకుపోవడం నేర్చింది. విస్సన్నపేట అన్నదమ్ములవి రాస్తూ మార్కెట్లో కొన్న వంకాయల గురించి ఆలోచించగలదు. అలాంటి చెయ్యి. లారీ చప్పుడు ఆగి, గదిలో పెన్ను గీతల చప్పుడొకటే మిగిలినప్పుడు బాలామణి ఉలిక్కిపడి కిందికి చూసింది. నాలుగో పుటలో నాలుగు పంక్తులు నిండి ఉన్నాయి. తిరువూరు కాపురస్తులు, దస్తావేజు లేఖరి వెంకటప్పయ్య గారి కుమార్తె, ఇరువది ఏడు సంవత్సరముల వయస్సు గల బాలామణి అను నేను స్వస్థచిత్తముతో, ఎవరి ప్రేరేపణ లేక, నా తండ్రిగారి కోరిక మేరకు వ్రాసుకొనిన విన్నపము ఏమనగా.

ఆమెకి ముందు నవ్వొచ్చింది. ఎవరి ప్రేరేపణా లేదట, తండ్రిగారి కోరిక మేరకట. ఆ రెండూ పక్కపక్కనే కూచుని ఒకదాన్నొకటి ఎరగనట్టు మొహాలు పెట్టాయి. ఎన్ని దస్తావేజుల్లో ఇలా కూచోబెట్టిందో తను. ఆ తర్వాత నవ్వు పోయింది. సిరా ఇది, పెన్సిలు కాదు. ఇంకో ఫారం లేదు. తెప్పించుకోవాలంటే మళ్లీ ఇరవై రోజులు. చింపడానికి లేదు, చెరపడానికి లేదు. రెండూ నలభై. వసారాలో గుర్రు సాగుతూనే ఉంది. కాగితాన్ని దగ్గరికి తీసుకుని చూస్తే ఇంకోటి కనపడింది. అవి నాన్న అక్షరాలు. నిటారుగా, ఒకదాన్నొకటి తాకకుండా, తలకట్టు చివర ఆ చిన్న విసురు. స్వదస్తూరితో అని నెత్తిన అచ్చు వేసి ఉన్న పుటలో, నేను బాలామణిని అని వెంకటప్పయ్యగారు రాసి పెట్టారు. మరి నాదేదీ అనుకుంది. నా దస్తూరీ ఎక్కడ పోయింది? చాకలిపద్దు కూడా ఈ అక్షరాలతోనే రాస్తున్నానే. పదో తరగతి నోట్సు గుర్తొచ్చింది. హైస్కూల్లో చరిత్ర చెప్పిన ప్రభుదాసు మాస్టారు ఆ నోట్సు దిద్దుతూ, నీ అక్షరాలన్నీ ముందుకు వంగి పరిగెత్తుతున్నాయేమిటమ్మాయ్, బస్సు అందుకోవాలా అనేవారు. క్లాసంతా నవ్వేది, తనూ నవ్వేది. అవును, వంగి ఉండేవి. ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని, కొమ్ములు పొడుగ్గా. ఆ అమ్మాయి ఎటు పోయిందో ఎవరూ అడగలేదు, తనూ అడగలేదు. బాలామణికి కళ్లలో నీళ్లు తిరిగాయి, కాగితం మీద పడతాయని కుర్చీ వెనక్కి జరిపింది.

సుబ్బాయమ్మ అడిగింది. ఉత్తరం పాత బావి అని చదవగానే చెయ్యెత్తి ఆపింది. పాత బావి ఏంటమ్మా, అది మా నాయనమ్మ పిచ్చమ్మ తవ్వించిన బావి, తన మెళ్లో గొలుసు తీసిచ్చి తవ్వించింది, ఊళ్లో అందరూ పిచ్చమ్మ బావి అనే అంటారు అంది. బాలామణి నాన్న వంక చూసింది. ఒక్క మాట కోసం స్టాంపు కాగితం మళ్లీ రాస్తే ఇవాళ్టికి తెమలదు, హద్దు హద్దే కదా, ఏ బావైతే ఏముంది అన్నారు నాన్న, విసుక్కోకుండానే. సరే అంది సుబ్బాయమ్మ. బాలామణి ఇంకా చదివింది. నా మనఃపూర్వకముగా, సంతోషముతో అన్నచోట ఆ మనిషి మళ్లీ ఆపింది, ఈసారి చెయ్యెత్తలేదు, చాలా నెమ్మదిగా అడిగింది.

"నేనన్నానా అమ్మా ఆ మాట?"

అన్నిట్లోనూ అలాగే రాస్తామండి అంది బాలామణి. పందొమ్మిదేళ్ల పిల్ల, అంత తేలిగ్గా. సుబ్బాయమ్మ వేలు ముందుకు చాపింది. ఆ వేలికి సిరా రాసింది కూడా బాలామణే. బండి వెళ్లిపోయాక ఎందుకో తోచక, నాన్న చెక్కపెట్టెలో పాత నకళ్లు తీసి వెతికింది. తాతగారి నాటివి కూడా ఉన్నాయి. ఆ తోట వాటిలో ఐదుసార్లు చేతులు మారింది, లేదా పంచుకున్నారు, ఐదింటిలోనూ ఉత్తరం హద్దు ఒకటే: పిచ్చమ్మ గారు త్రవ్వించిన బావి. ఆరోదాంట్లో లేదు. ఆ ఆరోది రాసింది తను. నాన్న దస్తూరీతో. పిచ్చమ్మ అనే మనిషి ఈ భూమ్మీద ఉన్నట్టు ఆ ఒక్క మాటే సాక్ష్యం అయ్యుంటే, దాన్ని తుడిచేసింది తన చెయ్యి. ఆ రాత్రి అన్నం తినలేదు. అప్పటినుంచీ నకళ్లు చదవడం మొదలైంది, తోటల్లో మనుషుల్ని వెతకడం, బావుల పేర్లు, డొంకల పేర్లు, ఎవరు ఎవరికి దేన్ని మనఃపూర్వకముగా వదిలేశారో. అలా వెతకడాన్నే చరిత్ర అంటారని బి.ఎ. పుస్తకాల్లో తర్వాతెప్పుడో అర్థమైంది. కారణం రాయమన్నారు కదా. కారణం ఇది. ఇందులో నాన్న కోరిక ఎక్కడుంది?

రెండూ నలభై ఏడు. బాలామణి చెంగుతో మొహం తుడుచుకుంది. కాలేజీలో చదివిన పిల్లయితే ఈ పాటికి ఏడుస్తూ ఫారం చింపేసేది. దస్తావేజు లేఖరి కూతురు చింపదు. తప్పు పోయిన కాగితాన్ని ఏం చెయ్యాలో ఆ ఇంట్లో తరతరాలుగా ఒక పద్ధతి ఉంది: గీకకూడదు, కింద ఏముందో కనపడకుండా కొట్టెయ్యకూడదు, ఒకే ఒక్క గీత గీయాలి, పైన సరైన మాట రాయాలి, చివర ఫలానా పంక్తిలో ఫలానాది కొట్టివేసి ఫలానాది చేర్చడమైనది అని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే కాగితం చెల్లుతుంది. ఆమె స్కేలు పెట్టి, నాలుగో పంక్తిలో 'నా తండ్రిగారి' అన్నదాని మీద ఒక్క గీత గీసింది. పైన 'నా' అని రాసింది. ఆ ఒక్క అక్షరం ముందుకు వంగింది. వంగనీ అనుకుంది. ఐదో పంక్తినుంచి చెయ్యి మొరాయించింది, నిటారుగా నిలబడబోయింది, పట్టి వంచింది, ఏడో పంక్తికి అదే వంగింది, ఆ తర్వాత కొమ్ములు పొడుగయ్యాయి, అక్షరాలు పరుగందుకున్నాయి. పిచ్చమ్మ బావి రాసింది. ఆమె పేరు తుడిచింది తనేనని రాసింది. సుబ్బాయమ్మ అడిగిన మాట, తను చెప్పిన జవాబూ ఉన్నవి ఉన్నట్టు రాసింది. వాళ్ల ముందు తల దించుకోకుండా నిలబడేంత చదువు నాకు కావాలి అని రాసింది. కావాలి అన్నమాట చూసుకుని ఆగింది, కొట్టెయ్యలేదు.

పందొమ్మిదో పంక్తి దగ్గర అసలు చిక్కు ఎదురైంది. ఒకే పుటలో రెండు దస్తూరీలు. ఎవరు చూసినా ఇద్దరు రాశారంటారు, అవతల పడేస్తారు. ఒప్పుకోవాలి. ఒప్పుకోవడమంటే తొమ్మిదేళ్లుగా ఈ గుమ్మం దాటని మాట కాగితం మీద పెట్టడం. అది చదివి, కింద సంతకం పెట్టాల్సింది ఆ మనిషే. ఆయన మనసు విరిగిపోతే? చింపి అవతల పారేస్తే? బాలామణికి భయం వేసింది, చాలా భయం వేసింది, చిన్నప్పుడు సిరాబుడ్డి ఒలకబోసినప్పుడు వేసినట్టు. కానీ ఒంట్లో ఇంకో అబద్ధం రాసే ఓపిక మిగల్లేదు. నిజంగానే ఓపిక లేదు. రాసింది: ఈ పుటలో నాలుగవ పంక్తిలో 'నా తండ్రిగారి' అనునది కొట్టివేసి 'నా' అని చేర్చడమైనది. మొదటి నాలుగు పంక్తులు మా తండ్రిగారి దస్తూరి వలె ఉన్నను, వ్రాసినది నేనే. వారి చేతి వణుకు వలన తొమ్మిది సంవత్సరములుగా వారి చేయి నేనే. ఐదవ పంక్తి నుండి ఉన్నది నా దస్తూరి. సంతకం చేసి పెన్ను మూసేసరికి గోడ గడియారం మూడు కొట్టింది, వసారాలో గుర్రు ఆగింది.

వెంకటప్పయ్యగారు మొహం కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని వచ్చి వాలుబల్ల ముందు కూచున్నారు. ఆమె లేచి పక్కన నిలబడింది. ఏ దస్తావేజునైనా చదివినట్టే చదివారు, చూపుడువేలి గోరు పంక్తి కింద ఆనించి, పెదాలు కదుపుతూ. గోరు వణుకుతూ నడిచింది. కొట్టివేత దగ్గర ఆగింది. బావి దగ్గర చాలాసేపు ఆగింది. చివరి మూడు పంక్తులూ చదివి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, గోరు పైకి తీసుకెళ్లి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పంక్తులు లెక్కపెట్టారు. ఈసారి బాలామణి మంచినీళ్ల వంకతో లోపలికి పోలేదు.

"నాలుగో పంక్తే," అన్నారాయన. "సరిపోయింది."

పెన్ను అడిగారు. ఇచ్చింది. ఎడమచెయ్యి ఎప్పట్లా పైకి లేచింది, కుడి మణికట్టు దాకా వచ్చింది, ఆగింది, వెళ్లి మోకాలి మీద పడుకుంది. కుడిచెయ్యి ఒక్కటే సంతకం పెట్టింది. వెంకటప్పయ్య అన్న ఐదక్షరాలు తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి తమ ఇష్టం వచ్చినట్టు వణికాయి, సున్నా పగిలింది, వత్తు గీత దాటి కిందికి జారింది, చివర తోక ఎటో పోయింది. ఆయన దాన్ని తల వంచి చూసుకున్నారు.

"రేపు దస్తావేజుకి వచ్చే పెనుగొలను వాళ్లని పక్క బల్ల దగ్గర రాయించుకోమంటాలే," అన్నారు.

బాలామణి బ్లాటింగు కాగితం కోసం వెతుకుతుంటే, వద్దు, దానంతటది ఆరనీ అన్నారు. పోస్టాఫీసులో సంచి కట్టడానికి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. తండ్రీ కూతుళ్లిద్దరూ ఆ సంతకం ఆరేదాకా దాని వంకే చూస్తూ కూచున్నారు.